ఈ రోజు ఎవరొచ్చారు?

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ అయి రెండేళ్ళయింది. అమీర్‌పేటలో ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు చేస్తూనే ఉన్నాడు, ఉద్యోగం మాత్రం కుదరలేదు. "పిన్నీ, నేను దేనికి పుట్టానంటావ్?" అని అడిగాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. గుణుపురం బండి ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అడిగాడు. ఆ మామూలుతనానికే నా గుండె జారిపోయింది.

ఆ రాత్రి తోచిందేదో చెప్పాను. ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆ ప్రశ్న నన్ను పదమూడేళ్ళు పీక్కుతింది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర. శ్రీకాకుళం వెళ్తే మేము ఒరిస్సావాళ్ళం, ఇక్కడ తెలుగోళ్ళం. జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే, వాళ్ళలో బాప్టిస్టులూ ఉన్నారు, మా కథోలికులమూ ఉన్నాం. బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ తీస్తాను, ఫారాలు నింపుతాను, అర్జీలు రాసిపెడతాను.

నేను కావాలనుకున్నది ఇది కాదు. పంతొమ్మిదేళ్ళకు మఠంలో చేరాను. ఎవరూ నూరిపోయలేదు. చిన్నప్పుడు విచారణ (మా ఊరి కథోలిక సంఘం) గుడిలో సిస్టర్లు పూజకు ముందు పీఠం మీద పూలు సర్దుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ నిదానం నాకు కావాలనిపించేది. నాలుగేళ్ళు ఉన్నాను. నొవిషియేట్ (సిస్టరు కాకముందు శిక్షణ) రెండో ఏడు వానాకాలంలో ఉబ్బసం ముదిరింది. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఒక రోజు పెద్ద సిస్టరుగారు పిలిచి చాలాసేపు మాట్లాడి, చివర్లో "నీకు పిలుపు లేదమ్మా, ఇంటికెళ్ళిపో" అన్నారు. ఒంట్లో బాగాలేదు కాబట్టి వెళ్ళమంటే తట్టుకునేదాన్ని. పిలుపు లేదు అన్నారు. దేవుడు అందరినీ పేరుపేరునా పిలుచుకుంటూ వచ్చి, నా దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకున్నాడన్నట్టు వినిపించింది నాకు.

2005లో రేకుపెట్టెతో ఇంటికొచ్చాను. గుమ్మంలో అమ్మ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "వచ్చేసావేటే? కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ అడగలేదు. వీధి మాత్రం అడిగింది. "మఠం నుంచి వచ్చేసిన పిల్ల" అనేది నా పేరైపోయింది. రెండేళ్ళకు అమ్మకు పక్షవాతం వచ్చింది. నాన్న అప్పటికే లేరు, అక్కకు పెళ్ళయి వెళ్ళిపోయింది. అప్పు చేసి పాత జిరాక్స్ మిషను కొన్నాను. పదకొండేళ్ళు అమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వీపుకు కొబ్బరినూనె రాయడం, షాపుకు పరిగెత్తడం, మళ్ళీ ఇంటికి పరిగెత్తడం. ఆదివారం పూజకు వెళ్ళేదాన్ని, దివ్యసత్ప్రసాదం తీసుకునేదాన్ని, కానీ లోపల దేవుడితో మాటలు లేవు. అలిగిన ఇద్దరు ఒకే ఇంట్లో ఉన్నట్టు ఉండేవాళ్ళం.

మన భాషలో ఇలాంటి బతుకు గురించి చెప్పుకోవడానికి మాటలకు కొదవలేదు. తలరాత, నుదుటిరాత, ఖర్మ, ప్రాప్తం, రాసిపెట్టి ఉండటం. మా అమ్మ రోజుకు రెండుసార్లు జపమాల చెప్పుకునేది, చేతిలో గ్లాసు జారితే మాత్రం "నా ఖర్మ" అనేది. ఈ మాటలన్నిట్లో రాసేవాడు ఒకడున్నాడు, రాయించుకున్న నుదురు ఉంది. ఆ నుదురు నోరు తెరిచి ఏదైనా అనడానికి చోటు లేదు. పిలుపు అనే మాట అలాంటిది కాదు. పిలుపంటే పిలిచేవాడుండాలి, పలికేవాడుండాలి, పలకకుండా ఉండే వీలు కూడా ఉండాలి. యోనా ప్రవక్త పలకకుండా ఓడెక్కి ఎదురు దిక్కుకు పారిపోయాడు. చిన్న సమూయేలు రాత్రిపూట తన పేరు వినబడితే మూడుసార్లు లేచి ముసలి గురువు ఏలీ దగ్గరకు పరిగెత్తాడు. మూడుసార్లూ పొరపాటే. దేవుడు విసుక్కోలేదు, నాలుగోసారి పిలిచాడు. మఠంలో ఈ కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పిలుపు ఎటు నుంచి వస్తోందో తెలియక తప్పు గుమ్మానికి పరిగెత్తడం తప్పేమీ కాదని మాత్రం నలభయ్యో పడిలో పడ్డాకే తలకెక్కింది.

ఇక్కడ మా కథోలికులతో నాకొక పేచీ ఉంది. మన విచారణల్లో దైవపిలుపు అనగానే గురువులు (ఫాదర్లు), కన్యస్త్రీలు (సిస్టర్లు). అంతే. ప్రపంచమంతా దైవపిలుపుల కోసం ప్రార్థించే ఆదివారం ఒకటుంది, పాస్కా (ఈస్టర్) కాలంలో మంచి కాపరి సువార్త చదివే ఆదివారం. 1964లో ఆరవ పౌలు పోపుగారి కాలంలో మొదలైంది. ఆ రోజు మైకులో "ఈ విచారణ నుంచి ఎన్ని పిలుపులు వచ్చాయి" అని లెక్క చెబుతారు. ఆ లెక్కలో లేనివాళ్ళు, అంటే గుడిలో కూర్చున్న దాదాపు అందరూ, తలలు దించుకుని వింటారు. నేనూ విన్నాను. కానీ అదే 1964లో రెండవ వాటికన్ మహాసభ, అంటే ప్రపంచ కథోలిక బిషప్పులు కూడిన సభ, శ్రీసభ (చర్చి) గురించి ఇచ్చిన పత్రంలో ఒక అధ్యాయం మొత్తం దీనికే కేటాయించింది. పవిత్రతకు పిలుపు అందరికీ ఉంది, ఏ స్థితిలో ఉన్నవాళ్ళకైనా ఉంది అని. అది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఆల్ప్స్ కొండల్లోని అనేసీ నుంచి 1846లో విశాఖపట్నంలో దిగిన గురువుల సభకు పాలక పునీతుడు (సెయింట్) ఫ్రాన్సిస్ సలేసు. మా ప్రాంతాల మొదటి కథోలిక కుటుంబాల్లో చాలామందికి విశ్వాసం అందింది ఆ గురువుల చేతుల మీదుగానే. ఆ సలేసువారు 1609లోనే, భక్తి సిపాయి శిబిరంలో కుదరదు, పనివాడి కొట్టంలో కుదరదు, సంసారి ఇంట్లో కుదరదు అనడం పొరపాటని రాశారు. మా ముత్తాతలకు జ్ఞానస్నానమిచ్చినవాళ్ళ గురువే ఆ మాట అంటే, మూడు వందల చిల్లర ఏళ్ళ తర్వాత నాకు ఆ మాట ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఇది నా ఫిర్యాదే. ఎవరి మీదా కసితో కాదు, ఇంకో ఆడపిల్ల రేకుపెట్టెతో నాలాగ ఏడుస్తూ ఇంటికి రాకూడదని.

జేలీ మార్టిన్ కథ నాకు మఠంలో తెలియదు, బయటికొచ్చాక తెలిసింది. ఫ్రాన్సులో అలాన్సోన్ అనే ఊళ్ళో లేసు అల్లించే వ్యాపారం చేసిన ఆడమనిషి. వయసులో ఉండగా కన్యస్త్రీ కావాలనుకుంది, మఠం వాళ్ళు వద్దన్నారు. ఆమె భర్త లూయీ గడియారాల పనివాడు. ఆయన కూడా సన్యాసుల మఠానికి వెళ్తే లాటిన్ రాదని తిప్పి పంపారు. తిరిగొచ్చిన ఇద్దరూ 1858లో పెళ్ళి చేసుకున్నారు. తొమ్మిది మంది పిల్లలు పుట్టారు, నలుగురు చిన్నతనంలోనే పోయారు. మిగిలిన ఐదుగురూ ఆడపిల్లలు, ఐదుగురూ కన్యస్త్రీలయ్యారు. వాళ్ళలో ఆఖరిదే మన ఇళ్ళల్లో పటం ఉండే చిన్న తెరేజమ్మ. 2015లో శ్రీసభ ఆ భార్యాభర్తలిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించింది. దీన్ని ఎవరైనా "చూశావా, కూతుళ్ళు కన్యస్త్రీలయ్యారు కాబట్టి ఆమె కోరిక అలా తీరింది" అని చెబితే నేను ఒప్పుకోను. కూతుళ్ళు కన్యస్త్రీలు కాకపోయినా జేలీ జేలీయే. పనివాళ్ళకు లేసు నమూనాలు ఇస్తూ, చనిపోయిన బిడ్డల్ని పాతిపెట్టి మళ్ళీ ఇంటికొచ్చి వంట చేసిన రోజుల్లోనే ఆమె పునీతురాలు.

ఇంకో పేచీ "దేవుని చిత్తం" అనే మాటతో. మా పక్క కొండ మీద ఊళ్ళ నుంచి జ్వరం వచ్చిన పిల్లను కావడి మీద మోసుకొస్తుంటే దారిలో పోతుంది. చావింటికి వెళ్ళిన పెద్దమనిషి "ఏం చేస్తాం, దేవుని చిత్తం" అంటాడు. రోడ్డు వేయకపోవడం దేవుని చిత్తమా? ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అది తలరాతకు తగిలించిన సిలువ గుర్తు మాత్రమే. అంగీకారం గురించి సువార్తలో రెండు చోట్ల స్పష్టంగా ఉంది. మరియమాతకు దేవదూత శుభవార్త చెబితే ఆమె ముందు "ఇది ఎలా జరుగుతుంది?" అని అడిగింది. "నీ మాట ప్రకారం నాకు జరుగుగాక" అన్నది ఆ తర్వాత. గెత్సెమనే తోటలో యేసు ప్రభువు ముందు "ఈ పాత్ర నా నుంచి తొలగించు" అని అడిగాడు. చెమట రక్తపు చుక్కలయ్యేంతగా అడిగాడు. "నీ చిత్తమే" అన్నది ఆ తర్వాత. ప్రశ్న అడగకుండా తల ఊపేస్తే దాన్ని అంగీకారం అనడానికి నాకు నోరు రాదు. పదకొండేళ్ళు నేను చేసింది అదే, తల ఊపడం. అందుకే లోపల అంత చేదు పేరుకుపోయింది.

2018లో అమ్మ పోయింది. నలభై రోజుల పూజ అయిపోయాక ఇల్లు బావురుమంది. రెండు గంటలకోసారి నా అంతట నాకే మెలకువ వచ్చేది, లేచి ఖాళీ మంచం చూసి కూర్చునేదాన్ని. ముప్ఫై ఆరేళ్ళు. ఏ మఠమూ ఆ వయసులో చేర్చుకోదు. పెళ్ళి ఊసెత్తేవాళ్ళు కూడా మానేశారు. తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి ఉన్నదంతా కక్కేశాను. "దేవుడు నన్ను దేనికీ పిలవలేదు ఫాదర్, అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మకోసం అనుకున్నాను, ఇప్పుడు అదీ లేదు" అన్నాను. ఆయన కేరళ నుంచి వచ్చిన గురువు, తెలుగు మలయాళం యాసలో మాట్లాడతారు. నేను ఉపదేశం ఇస్తారనుకున్నాను. ఆయన కాసేపు ఆగి, "ఇవాళ షాపుకి ఎవరు వచ్చారు?" అని అడిగారు. నాకు గుర్తు రాలేదు. పొద్దున్నుంచి ముప్ఫై మంది వచ్చుంటారు, ఒక్క ముఖం గుర్తు రాలేదు. "ప్రాయశ్చిత్తం అదే. ఏడు రోజులు, రాత్రి ఎవరు వచ్చారో రాయండి" అన్నారు.

నాకు మొదట కోపమే వచ్చింది. రాయడం మొదలుపెట్టాక మాత్రం మఠంలో నేర్చుకున్నది ఒకటి గుర్తొచ్చింది. యేసు సభ (జెస్యూట్లు) స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలావారు 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డారు. పడుకుని ఊహల్లో తేలేవారు. ఒకసారి వీరుడిగా రాజసభలో వెలగడం గురించి, ఒకసారి పునీతుల్లాగా బతకడం గురించి. ఊహించుకుంటున్నంతసేపూ రెండూ బాగుండేవి. తేడా తర్వాత తెలిసేది. మొదటిది అయిపోయాక మనసు ఎండిపోయేది, రెండోది అయిపోయాక కూడా తీపి మిగిలేది. పిలుపును గుర్తుపట్టడానికి ఆయన నేర్పిన పద్ధతంతా ఆ మిగిలే రుచి మీదే నిలబడింది. రోజు చివర వెనక్కి తిరిగి చూసుకోమంటారు. మనసు చీకటిలో ఉన్నప్పుడు పెద్ద నిర్ణయాలేవీ మార్చవద్దంటారు. ఏడు రోజులని మొదలుపెట్టిన నోటుబుక్కు ఏడేళ్ళు దాటింది. వెనక్కి తిప్పి చదివితే నాకు తీపి మిగిల్చినవి ఒకే రకం పనులని తెలిసింది. మంచి లాభం వచ్చిన రోజులు కావవి. నోరు తిరగని కాగితాల ముందు బిక్కచచ్చిపోయిన మనిషికి ఆ కాగితం వాళ్ళ భాషలో చదివి చెప్పిన రోజులు.

ఒక రోజు సంగతి చెబుతాను. 2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం మొదలుపెట్టింది. 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకు ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా. ఆధార్, బ్యాంకు పుస్తకం కలవాలి, లేకపోతే డబ్బు పడదు. ఆ నెలంతా బస్టాండు తిరునాళ్ళలా ఉండేది. గుమ్మ అనే ఊరి వైపు నుంచి ఒక సవర ముసలమ్మ కోడల్ని తీసుకొచ్చింది. కోడలి కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, పని అయిపోయింది. వెళ్ళిపోతూ ముసలమ్మ ఆగి, రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి తన కార్డు బల్ల మీద పెట్టింది. చెవి తమ్మెలు సాగి బుజాల దాకా వేలాడుతున్నాయి, గోళ్ళ సందుల్లో పసుపు. "ఇది నా పేరు కాదు" అంది సవరలో. ఆధార్ తీసినప్పుడు ఆమె చెప్పిన పేరు అక్కడి అబ్బాయికి అర్థంకాక, దగ్గరగా వినిపించే ఒడియా పేరేదో కొట్టేశాడు. ఓటరు కార్డులో అసలు పేరుంది. మరి ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చావమ్మా అన్నాను. "ఆఫీసులో ఆ పేరుతో పిలుస్తారు. పలుకుతాను. ఏం చెయ్యను?" అంది.

ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. అందుకే సవరణ ఫారం నేను ఎప్పుడూ తొందరపడి నింపను. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పెట్టుకుంటూ పోయాను. ఆమె బల్ల మీద మోచేతులు ఆనించి నా పెన్ను ముల్లునే చూస్తోంది. అయ్యాక "చదువు" అంది. చదివాను. "మళ్ళీ" అంది. మూడోసారి చదివాక, ఆ గడుల మీద బొటనవేలితో ఎడమ నుంచి కుడికి రాసింది. తడి సిరా కొద్దిగా అలుక్కుపోయింది. ఆమె వేలిని చూసుకుని నవ్వింది. నేను ఇంకో ఫారం తీసి మళ్ళీ నింపాను. ఆమె పేరు ఇక్కడ రాయను, అది ఆమెది.

ఆ రాత్రి నోటుబుక్కులో రాస్తుంటే యెషయా గ్రంథం మాట వచ్చి కూర్చుంది. "నిన్ను పేరు పెట్టి పిలిచాను, నీవు నా సొత్తు." మఠంలో ఉన్నప్పుడు నాకు కొత్త పేరు పెడతారని ఎంత ఎదురుచూశానో! ఆ పేరు రాలేదని పంతొమ్మిదేళ్ళు "వచ్చేసిన పిల్ల" అనే పేరుకు పలికాను. అది నా పేరు కాదు. ఆ సంగతి ఎవరో చెబితే వినేదాన్ని కాదు, ఆ ముసలమ్మ బొటనవేలు చెప్పింది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. చాలా ఏళ్ళ తర్వాత పరలోక జపం చెబుతుంటే "నీ చిత్తం" దగ్గర గొంతు పట్టుకోలేదు.

షాపు నా పిలుపని తేలిగ్గా అనేస్తే కొందరికి చిన్నతనంగా ఉంటుంది, నాకు తెలుసు. మయోర్కా ద్వీపంలో అల్ఫోన్సస్ రోడ్రిగెజ్ అనే ఆయన ఉండేవారు. భార్యాపిల్లలు పోయి, వ్యాపారం దెబ్బతిని, నలభై దగ్గర పడుతుండగా యేసు సభలో చేరతానని వెళ్తే వయసు మించింది, చదువు చాలదు అని మొదట వద్దన్నారు. తర్వాత బ్రదరుగా చేర్చుకుని ఒక కాలేజీలో తలుపు దగ్గర పెట్టారు. 1617లో చనిపోయేదాకా దశాబ్దాల తరబడి ఆ తలుపు తీయడమే ఆయన పని. ఎవరు తట్టినా "వస్తున్నా ప్రభూ" అంటూ వెళ్ళేవారని చెబుతారు. 1888లో ఆయన్ని పునీతుడన్నారు.

మా ఊళ్ళోనే చూడండి. గిడుగు రామమూర్తి పంతులుగారు నా మతం వారు కారు. బడిలో చరిత్ర చెప్పడానికి పర్లాకిమిడిలో ఉన్న మనిషి, సంతకొచ్చే సవరల మాట విని దాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, మందుగా వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. 1931కి సవర వ్యాకరణం, 1938కి నిఘంటువు అచ్చయ్యాయి. మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం! ఆయన ఆ పని ఆపలేదు. ఆయనకు దొరికిన దాన్ని నేను పిలుపనే అంటాను, మతం అడగను. షాపులో నేను మాట్లాడే నాలుగు సవర ముక్కలు తప్పుగా వచ్చినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.

మా వాడికి వస్తాను. ఈ తరం పిల్లలకు మేము తలరాత అని చెప్పి చేసిన అన్యాయం ఒకటైతే, ఫోన్లో వీడియోలు చేసేది ఇంకొకటి. "నీ లక్ష్యం ఏంటో కనిపెట్టు, దాని కోసం అన్నీ వదిలెయ్" అంటారు. లక్ష్యం ఎక్కడో పాతిపెట్టి ఉన్నట్టు, తవ్వుకున్నవాడిదే అన్నట్టు. దొరకనివాడికి అది వాడి తప్పే అవుతుంది. మా వాడు రెండేళ్ళుగా తవ్వుతున్నాడు, అలసిపోయాడు. అందులో వాడితో మాట్లాడేవాళ్ళెవరూ లేరు. వాడు, వాడి లక్ష్యం, ఇద్దరే. ఆ ఒంటరితనం వింటే నాకు దడ పుడుతుంది. పిలుపులో ఇంకొకడుంటాడు. కనిపెట్టే భారం మొత్తం నీది కాదు, ఆయన పిలుస్తూనే ఉంటాడు, తప్పు గుమ్మానికి వెళ్తే మళ్ళీ పిలుస్తాడు.

ఉద్యోగం అక్కర్లేదని నేను వాడికి చెప్పలేదు. ఇంటద్దె కట్టాలి, కూడు తినాలి, వెతుక్కోమనే చెప్పాను. అన్నీ వదిలేసి సూరత్ వెళ్ళిపోతానంటే, ఈ చీకటి రాత్రి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దన్నాను. ఒక్క పని అడిగాను. రోజూ పడుకునే ముందు ఈ రోజు నీ దగ్గరకు ఎవరొచ్చారో నాకు వాట్సాప్‌లో పెట్టు అన్నాను.

మొదటి మూడు రోజులు "ఎవరూ రాలేదు" అని పెట్టాడు. నాలుగో రోజు ఏమీ పెట్టలేదు, నాకు టెన్షన్ వచ్చి ఫోన్ చేశాను. నిన్న రాత్రి పెద్ద మెసేజే వచ్చింది. హాస్టల్ కింద టీ కొట్టు ముసలాయనకు గ్యాస్ బుక్ చెయ్యడం రావడంలేదట, ఓటీపీ ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో తెలియక భయపడుతున్నాడట. వీడు అరగంట కూర్చుని నేర్పాడట. టీ డబ్బులు తీసుకోలేదట.

"ఆయన పేరేంటి?" అని అడిగాను.

కాసేపు "టైపింగ్" అని కనిపించింది, ఆగిపోయింది, మళ్ళీ కనిపించింది. "అడగలేదు పిన్నీ. రేపు అడుగుతాను."